అవధానం మానేసిన అవధాని

గాంధీజీ ఆత్మకథ చదివినవాళ్లకు రాయచంద్‌భాయి పేరు కొత్త కాదు. రెండో భాగం మొదలయ్యేదే ఆయన పేరున్న అధ్యాయంతో. తన మీద గాఢమైన ముద్ర వేసిన ఆధునికులు ముగ్గురని గాంధీ అక్కడ చెప్పారు. టాల్‌స్టాయ్ ఒక పుస్తకంతో, రస్కిన్ ఇంకో పుస్తకంతో ఆ ముద్ర వేశారు. రాయచంద్‌భాయి మాత్రం దగ్గరుండి, మాట్లాడి, ఉత్తరాలు రాసి వేశారు. అంతటి మనిషిని మనం ‘గాంధీకి ధర్మసందేహాలు తీర్చిన వజ్రాల వ్యాపారి’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకుని ముందుకు వెళ్లిపోయాం. జైనులలో ఒక పెద్ద సముదాయానికి ఆయన శ్రీమద్ రాజచంద్ర, ఆత్మజ్ఞాని, పరమ గురువు. గాంధీని కాసేపు పక్కన పెట్టి చూస్తేనే ఆయన చెప్పింది ఏమిటో తెలుస్తుంది. అందుకు తెలుగువాళ్లకు ఒక దగ్గరి దారి ఉంది. ఆయన శతావధాని.

1867 కార్తిక పౌర్ణమినాడు, అంటే నవంబరు 9న, సౌరాష్ట్రలో మోర్బీకి దగ్గరున్న వవాణియా అనే ఊళ్లో ఆయన పుట్టారు. తండ్రి రావ్‌జీభాయి, తల్లి దేవ్‌బా. తాతగారు కృష్ణభక్తులు. తల్లిది జైన కుటుంబం. చిన్నతనంలో తాతగారి ఒళ్లో కృష్ణుడి పదాలు వింటూ, ఆ అవతార కథలకు మురిసిపోతూ పెరిగిన పిల్లవాడు, తర్వాత జైనుల ప్రతిక్రమణ సూత్రాలు చదివి అటు తిరిగాడు. ప్రతిక్రమణ అంటే తెలిసీ తెలియకా చేసిన తప్పులను తలుచుకుని సకల జీవులనూ క్షమాపణ వేడుకునే నిత్యకృత్యం. ప్రాణమున్న ప్రతిదానితోనూ మైత్రి కోరే ఆ వినయం తన మనసును పట్టుకుందని ఆయనే రాసుకున్నారు. ఈ రెండు వారసత్వాలూ ఆయనలో చివరిదాకా ఉన్నాయి. జైన ఆగమాలు ఎంత శ్రద్ధగా చదివారో, యోగవాసిష్ఠాన్నీ కబీరునూ అంత ప్రేమగా చదివారు, చదవమని ఇతరులకూ చెప్పారు.

ఏడేళ్ల వయసులో జరిగిన ఒక సంఘటనను ఆయన జీవితానికి మూలమని భక్తులు చెబుతారు. ఇంటికి బాగా కావలసిన అమీచంద్ అనే ఆయన పాము కరిచి చనిపోయాడు. చనిపోవడమంటే ఏమిటని పిల్లవాడు తాతగారిని అడిగాడు. ఆయన మాట దాటేయబోయారు. పిల్లవాడు చెరువుగట్టుకు వెళ్లి, తుమ్మచెట్టెక్కి, చితి కాలడం చూశాడు. నిన్నటిదాకా మాట్లాడిన మనిషిని అందరూ చేరి ఎందుకు కాలుస్తున్నారు, ఆ దేహంలోంచి పోయింది ఏమిటి అని ఆలోచిస్తుండగా పూర్వజన్మల స్మృతి కలిగిందని సంప్రదాయం. జైనులు దాన్ని జాతిస్మరణ జ్ఞానం అంటారు. పూర్వజన్మలను నమ్మడం నమ్మకపోవడం చదివేవారి ఇష్టం. ఆ పిల్లవాడి ప్రశ్నను మాత్రం ఎవరూ కాదనలేరు. తర్వాత ఆయన రాసిన ప్రతి పుటా ఆ ప్రశ్నకు జవాబు వెతికిందే.

ఇక అవధానం. తెలుగునాట అవధానమంటే పద్యం. సమస్య ఇస్తారు, దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరితో కట్టేస్తారు, అప్రస్తుతప్రసంగి మధ్యలో దూరి ధ్యాస చెదరగొడతాడు, ఎక్కడో గంట మోగుతుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్క తప్పకూడదు. ఇన్నిటి మధ్యా అవధాని పద్యాలను ధారణలో ఉంచుకుని చివర్న ఒప్పజెప్పాలి. మన తిరుపతి వేంకట కవులు ఈ విద్యతో సంస్థానాలు చుట్టిన కాలమూ, రాయచంద్ యవ్వనమూ ఇంచుమించు ఒకటే. గుజరాతు వైపు అవధానంలోనూ పద్యం ఉంది కానీ ధారణకే పెద్దపీట. ఒక పక్క పేకాట, ఒక పక్క చదరంగం, లెక్కలు, గంట దెబ్బలు, తెలియని భాషల మాటలను చెల్లాచెదురు చేసి ఒక్కొక్కటిగా ఇస్తే చివర్న వాక్యాలుగా కూర్చి చెప్పడం, అడిగిన విషయం మీద అడిగిన ఛందస్సులో కవిత. రాయచంద్ పన్నెండు అవధానాలతో మొదలుపెట్టి, పదహారు, యాభై రెండు దాటి, నూటికి చేరారు. 1887లో ముంబయిలోని ఫ్రామ్‌జీ కావస్‌జీ ఇన్‌స్టిట్యూట్‌లో శతావధానం చేసేనాటికి ఆయనకు పందొమ్మిదేళ్లు. పత్రికలు రాశాయి, సభలు సన్మానించాయి. అప్పటి బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ చార్లెస్ సార్జెంట్ ఆయనను ఐరోపా వెళ్లి ఈ విద్య ప్రదర్శించమన్నారని చెబుతారు.

ఆయన వెళ్లలేదు. ఇరవై ఏళ్లకల్లా ప్రదర్శనలే మానేశారు. శక్తి తగ్గి మానేసింది కాదు. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1891లో, ఇంగ్లండు నుంచి అప్పుడే దిగిన గాంధీ ఆయనను పరీక్షించడానికి తనకొచ్చిన ఐరోపా భాషల మాటలన్నీ జాబితాగా రాసి చదివితే, అదే వరసలో తిరిగి అప్పజెప్పారు. గాంధీకి అది చూసి ముచ్చట వేసింది కానీ, తనను కట్టిపడేసింది అది కాదని తర్వాత రాశారు. విస్తారమైన శాస్త్రజ్ఞానం, మచ్చలేని నడవడి, ఆత్మసాక్షాత్కారం కోసం తహతహ, ఈ మూడూ తనను ఆకట్టుకున్నాయన్నారు.

అవధానం ఎందుకు మానేశారన్నదానికి, అది మనసును బయటికి లాగుతుందనీ, కీర్తి సాధనకు అడ్డమనీ జవాబు చెబుతారు. అది నిజమే. నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. అవధాని నూరు విషయాలను ఒకేసారి పట్టుకుంటాడు. చెవి గంట వింటుంది, కన్ను పావును చూస్తుంది, చెయ్యి వస్తువును తాకుతుంది, బుద్ధి లెక్క కడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ఇంకోదాని పని చేయలేదు. మరి ఈ నూరింటినీ ఒకచోట పట్టి ఉంచినవాడు ఎవడు? ప్రేక్షకులు నూరు విషయాలను లెక్కపెట్టుకుని చప్పట్లు కొడతారు. రాయచంద్ ఆ పట్టి ఉంచినవాడి వైపు తిరిగారు. ఇది నా ఊహే, ఆయన ఎక్కడా ఇలా చెప్పలేదు. కానీ తొమ్మిదేళ్ల తర్వాత రాసిన ఆత్మసిద్ధి అనే రచనలో ఆత్మ ఉందనడానికి ఆయన చూపిన వాదాల్లో సరిగ్గా ఇదే ఉంది. దాని దగ్గరికి వస్తాను.

అంతకుముందు ఆయన సంసారం గురించి చెప్పాలి. జైన గురువంటే మనకు కళ్లముందు కనిపించేది ముఖానికి వస్త్రం కట్టుకున్న ముని, లేదా పింఛం పట్టిన దిగంబరుడు. రాజచంద్ర తలపాగా, అంగరఖా ధరించిన వ్యాపారి. 1888లో ఝబక్‌బాయితో పెళ్లయింది. ఆమె పినతండ్రి డాక్టర్ ప్రాణజీవన్ మెహతా గాంధీకి ఆప్తమిత్రుడు. ముంబయిలో గాంధీ, రాయచంద్ కలుసుకున్నది ఆయన ఇంట్లోనే. ఇంకో పినతండ్రి రేవాశంకర్ జగజీవన్‌తో కలిసి రాయచంద్ వజ్రాలు, ముత్యాల వ్యాపారం చేశారు. తర్వాతి రోజుల్లో గాంధీ ముంబయిలో బస చేసిన మణిభవన్ ఈ రేవాశంకర్‌దే. లక్షల బేరం ముగిసిన మరుక్షణం రాయచంద్ పక్కనున్న ధర్మగ్రంథమో, తాను రాసుకునే పుస్తకమో తెరిచేవారని గాంధీ కళ్లారా చూసి రాశారు.

దూరం నుంచి చూస్తే ఇదంతా చక్కగా కుదిరిన జీవితంలా ఉంటుంది. ఆయన ఉత్తరాలు చదివితే అలా ఉండదు. అచ్చయిన సంపుటంలో ఉత్తరాలు, రచనలు, నోట్లు కలిపి 900కు పైగా ఉన్నాయి. వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే మాట ఉపాధి, అంటే తగులుకున్న బాధ్యతల భారం. ఈ వ్యాపారం వదిలేసి అడవిలోకో కొండల్లోకో పోవాలని ఉందంటారు. వెంటనే, పూర్వకర్మ పండి ఎదురుగా నిలిచినప్పుడు దాన్ని రాగద్వేషాలు లేకుండా అనుభవించి తీర్చుకోవాలే తప్ప పారిపోతే తీరదంటారు. ఈ రెంటి మధ్యా పదేళ్లు నలిగారు. నాకు ఆ ఉత్తరాల్లో అన్నిటికన్నా విలువైనది ఈ నలుగుడే. గృహస్థుగా ఉంటూ జ్ఞానం సులువని ఆయన ఎవరికీ చెప్పలేదు. జైనంలో గుణస్థానాలని ఆత్మ ఎదిగే పద్నాలుగు మెట్లున్నాయి. నాలుగో మెట్టు సమ్యగ్దర్శనం, అంటే ఆత్మను ఉన్నదున్నట్టుగా ఎరగడం. అది గృహస్థుకూ సాధ్యమేనని శాస్త్రమే ఒప్పుకుంటుంది. ఆయన తన బతుకుతో దాన్ని నిలబెట్టారు. పై మెట్లకు సన్యాసం అవసరమనే ఆయన నమ్మారు, దాని కోసం చివరిదాకా ఎదురుచూశారు.

అయినా గృహస్థు గురువేమిటన్న ప్రశ్న ఊరుకోలేదు. స్థానకవాసి అనే జైన సంప్రదాయానికి చెందిన లల్లూజీ ముని ఆయనకు శిష్యులయ్యారు. దీక్ష తీసుకున్న ముని ఒక సంసారికి నమస్కరించడం సంఘంలో చిన్న విషయం కాదు. లల్లూజీ తన సంప్రదాయం నుంచి గట్టి వ్యతిరేకతనే ఎదుర్కొన్నారు. నగల దుకాణంలో కూర్చున్న మనిషి లోపల ఏ స్థితిలో ఉన్నాడో వేషం చూసి ఎవరు చెప్పగలరు? ఈ ప్రశ్న ఆత్మసిద్ధిలోకి నేరుగా వచ్చింది.

ఆ రచన పుట్టుక ఇలా జరిగింది. ఆత్మకు సంబంధించిన ఆరు సత్యాలను రాజచంద్ర లల్లూజీకి ఒక ఉత్తరంగా రాశారు. అది వచనం. ఆయన ఆత్మీయుడు, సాయలా నివాసి సోభాగ్‌భాయికి అది ఎంతో నచ్చింది కానీ వచనాన్ని కంఠస్థం చేయడం కష్టంగా ఉందనీ, పద్యంలో ఉంటే అందరికీ నోటికి పడుతుందనీ అడిగారు. అడిగింది న్యాయమైన కోరికే. 1896లో ఆశ్వయుజ బహుళ పాడ్యమినాటి సాయంత్రం నడియాద్‌లో రాజచంద్ర రాయడానికి కూర్చున్నారు. అంబాలాల్ అనే శిష్యుడు లాంతరు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. గంటన్నర, రెండు గంటల్లో 142 పద్యాలు పూర్తయ్యాయి. గుజరాతీ, సులువైన దోహా ఛందస్సు, పల్లెటూరివాళ్లకూ అర్థమయ్యే మాటలు. నాలుగే ప్రతులు రాయించారు. సోభాగ్‌భాయికి ఒకటి, అంబాలాల్‌కు ఒకటి, లల్లూజీకి ఒకటి, ముంబయిలోని మాణెక్‌లాల్ జవేరీకి ఒకటి. ఏకాంతంలో చదివి మననం చేయాల్సిన రచన గనుక పదిమందిలో పంచడానికి ఆయన తొందరపడలేదు.

ఆరు సత్యాలు ఇవి: ఆత్మ ఉంది, అది నిత్యం, అది కర్మకు కర్త, ఆ కర్మఫలానికి భోక్త, మోక్షం ఉంది, మోక్షానికి ఉపాయం ఉంది. ఇందులో కొత్తదేమీ లేదు. భారతీయ దర్శనాలు వేల ఏళ్లుగా తర్కించుకుంటున్నవే. రాజచంద్ర గొప్పతనం వాటిని నడిపిన పద్ధతిలో ఉంది. ప్రతి సత్యం దగ్గరా ముందు శిష్యుడికి మాట ఇస్తారు. శిష్యుడు మొహమాటం లేకుండా కాదంటాడు. ఆ కాదనడం పేలవంగా ఉండదు, చార్వాకుడో బౌద్ధుడో సాంఖ్యుడో వాదించినంత బలంగా ఉంటుంది. ఆ తర్వాతే గురువు నోరు విప్పుతారు.

మొదటి సందేహం చూడండి. ఆత్మ కంటికి కనిపించదు, రూపం తెలియదు, ఏ అనుభవానికీ అందదు, కాబట్టి లేదు. దేహమే ఆత్మ కావచ్చు, ఇంద్రియాలో ప్రాణవాయువో కావచ్చు. వేరే ఉంటే కుండలాగా, గుడ్డలాగా కనిపించాలి కదా అంటాడు శిష్యుడు. గురువు జవాబు మెల్లగా నడుస్తుంది. దేహంతో కలిసి ఉండే అలవాటువల్ల దేహమే ఆత్మ అనిపిస్తోంది, కానీ కత్తీ ఒరా వేరైనట్టు అవి వేరు. కంటిని కూడా చూసేవాణ్ణి కంటితో చూడటం ఎలా? ఒక్కో ఇంద్రియం తన విషయాన్నే ఎరుగుతుంది. చెవికి రంగు తెలియదు, కంటికి ధ్వని తెలియదు. అయిదింటినీ ఎరుగుతున్నవాడు వేరే ఉన్నాడు. ఇదే నేను పైన అన్న అవధాని వాదం. అక్కడితో ఆగరు. సన్నటి దేహంలో గొప్ప బుద్ధి ఉంటుంది, బలిసిన దేహంలో స్వల్పబుద్ధి ఉంటుంది, దేహమే ఆత్మయితే ఇలా ఉండకూడదు కదా అంటారు. చివర్న అసలు దెబ్బ: ఆత్మ ఉందా లేదా అని అనుమానిస్తున్నది ఎవరు? అనుమానించేవాడే తన ఉనికిని అనుమానిస్తున్నాడు, ఇంతకు మించిన వింత లేదంటారు గురువు. ఐరోపాలో డెకార్ట్ వెళ్లిన దారికి ఇది దగ్గరిదే, కానీ రాజచంద్ర ‘నేను ఉన్నాను’ అనేదాని దగ్గర నిలిచిపోరు. ఉన్నవాడు బంధంలో ఎందుకున్నాడన్నదే ఆయన అసలు ప్రశ్న.

కర్మఫలం దగ్గర శిష్యుడి సందేహం ఇంకా పదునైనది. కర్మ జడం. దానికి ఎవరికి ఏ ఫలం ఇవ్వాలో ఏం తెలుసు? పంచిపెట్టే ఈశ్వరుడు ఉండాలి. అలా ఒప్పుకుంటే ఆ పంపకం పనిలో పడిన ఈశ్వరుడికి ఈశ్వరత్వమే మిగలదు. గురువు విషం, అమృతం ఉదాహరణ తీసుకుంటారు. విషానికి తాను విషమని తెలియదు, తిన్నవాడికి ఫలం మాత్రం తప్పదు. కర్మా అంతే. ఫలం ఇచ్చే దేవుడి అవసరం లేకుండా జైనం ఎలా నిలుస్తుందో ఇంత తక్కువ మాటల్లో చెప్పినవాళ్లు అరుదు.

ఆరో సత్యానికి, అంటే మోక్షోపాయానికి, ఆయన అన్నిటికన్నా ఎక్కువ పద్యాలు ఇచ్చారు. కారణం శిష్యుడి ప్రశ్నలోనే ఉంది. ఇన్ని మతాలు ఇన్ని దారులు చెబుతున్నాయి, ఏది నిజం? ఏ జాతివాడికి మోక్షం, ఏ వేషంలో మోక్షం? గురువు జవాబుకు సంఘంలో ఎంత బరువు ఉండేదో ఊహించుకోవచ్చు. చెప్పిన మార్గం లోపల ఉంటే జాతి భేదం లేదు, వేష భేదం లేదు, సాధించినవాడికి ముక్తి ఖాయం. క్రోధం, అహంకారం, మాయ, లోభం చల్లారడం, మోక్షం తప్ప వేరే కోరిక లేకపోవడం, సంసారం మీద విసుగు, జీవుల మీద దయ, ఈ లక్షణాలున్నవాడే జిజ్ఞాసువు. కర్మలు ఎనిమిది రకాలు, వాటన్నిటికీ రాజు మోహనీయ కర్మ. దాని రెండు తలల్లో ఒకదాన్ని బోధ, ఇంకోదాన్ని వీతరాగత్వం నరుకుతాయి. కోటి సంవత్సరాల కలైనా మెలకువ వచ్చిన క్షణంలో పోయినట్టు, అనాదిగా ఉన్న విభావం, అంటే ఆత్మ తన స్వభావం తప్పి ఉన్న స్థితి, జ్ఞానం కలిగితే పోతుందని ధైర్యం చెబుతారు.

ఈ ధైర్యం వెనక ఒక హెచ్చరిక ఉంది. రచన మొదట్లోనే ఇద్దరిని ఆయన పట్టి చూపిస్తారు. ఒకరు క్రియాజడులు. ఉపవాసాలు, నియమాలు అన్నీ చేస్తారు, లోపల ఏమీ కదలదు, జ్ఞానమంటే ఒప్పుకోరు. రెండోవారు శుష్కజ్ఞానులు. బంధం, మోక్షం అంతా కల్పనే అని నోటితో అంటారు, నడతలో మాత్రం మోహానికి లొంగిపోతారు. వీరిని చూస్తే తనకు కరుణ కలుగుతోందన్నారు తప్ప తిట్టలేదు. 1896 నాటి ఆ ఇద్దరూ ఇవాళ ఏ ప్రవచన సభలోనైనా ముందు వరసల్లో కనిపిస్తారు. వీరి తర్వాత మతార్థి, ఆత్మార్థి అని ఇంకో విభజన చేస్తారు. తన కులగురువు మీద మమకారాన్నీ, తన గచ్ఛం, అంటే తన ముని శాఖ, గొప్పనూ ధర్మమనుకునేవాడు మతార్థి. ఎక్కడ ఆత్మజ్ఞానం ఉంటే అక్కడ తలవంచేవాడు ఆత్మార్థి. ఈ భాగం ఆయన తన జైన సమాజాన్నే ఎదురుగా పెట్టుకుని రాశారు, అందుకే అంత సూటిగా ఉంది.

ఇప్పుడు గాంధీ దగ్గరికి రావచ్చు. దక్షిణాఫ్రికాలో క్రైస్తవ మిత్రులు ఒకవైపు, ముస్లిం మిత్రులు ఇంకోవైపు తమ మతం గురించి నచ్చజెబుతున్నప్పుడు, హిందూ ధర్మంలోని లోపాలు కళ్లకు కడుతున్నప్పుడు, ఆయన రాయచంద్‌భాయికి 27 ప్రశ్నలు రాశారు. ఆత్మ అంటే ఏమిటి, ఈశ్వరుడు ఎవరు, వేదాలు ఎవరు చేశారు, క్రీస్తు దేవుడి అవతారమా, రామకృష్ణుల భక్తితో మోక్షం వస్తుందా. 1894 అక్టోబరులో సుదీర్ఘమైన జవాబు వచ్చింది. అందులో జైనంలోకి రమ్మన్న పిలుపు లేదు. ఒక గ్రంథం ప్రాచీనమైనంత మాత్రాన సత్యమైపోదు, అందులో ఉన్నదేమిటో పరీక్షించాలన్న పట్టు ఉంది. చివరి ప్రశ్న పాము గురించి. పాము కరవడానికి వస్తే చంపకుండా మరో దారి లేనప్పుడు ఏం చేయాలి? దేహం అనిత్యమని తెలిసినవాడికి, ఆ దేహం కోసం ఇంకో ప్రాణిని చంపడం ఎలా తగుతుందన్నారు. అంత ఎత్తులేనివాడి సంగతి వేరు, కానీ అలాంటి స్థితి మీకూ నాకూ కలలో కూడా వద్దని కోరుకుందామన్నారు. ఏడేళ్లప్పుడు పాముకాటు శవాన్ని కాల్చడం చూసిన మనిషి ఈ మాట రాశారని గుర్తుంచుకుని చదవాలి.

ఉత్తరంతోపాటు పుస్తకాలూ సూచించారు, పంపారు. పంచీకరణ, మణిరత్నమాల, యోగవాసిష్ఠంలోని ముముక్షు ప్రకరణం, హరిభద్రసూరి షడ్దర్శన సముచ్చయం. ఈ వరసలో చివరిది ఒక్కటే జైనుడు రాసింది, అదీ ఆరు దర్శనాలనూ పక్కపక్కన పెట్టి వివరించేది. సందేహంలో ఉన్న హిందువుకు ఎక్కువగా హిందువుల పుస్తకాలే ఇచ్చిన జైనుడిని చూస్తే, మతార్థి గురించి ఆయన రాసింది ఉత్తుత్తి మాట కాదని తెలుస్తుంది.

అయినా గాంధీ ఆయనను గురుపీఠం మీద కూర్చోబెట్టలేదు. ఆ పీఠం ఖాళీగానే ఉందని ఆత్మకథలో స్పష్టంగా రాశారు. రాజచంద్ర పద్యాల్లో మొదటి ఇరవై మూడింట్లో పెద్ద భాగం సద్గురువు ఎందుకు కావాలో చెప్పడానికే ఉంది. ఎదురుగా ఉన్న జ్ఞాని ఉపకారం కనపడని జినుడి ఉపకారం కన్నా ఎక్కువని కూడా అన్నారు. ఆ లెక్కన గాంధీ ఆయన ప్రధాన బోధను పక్కనపెట్టి మిగతాదంతా తీసుకున్నారు. ఇది గాంధీ లోపమని నేను అనను. సద్గురువుకు రాజచంద్ర పెట్టిన లక్షణాలు చాలా కఠినం: ఆత్మజ్ఞానం, సమదృష్టి, పూర్వకర్మను అనుసరించి సాగే నడక, అపూర్వమైన వాక్కు, పరమశ్రుతం అంటే ఉన్నతమైన శాస్త్రజ్ఞానం. అందుకు సరితూగనివాడు శిష్యుల వినయాన్ని వాడుకుంటే వాడు మోహంలో మునిగిపోతాడని కూడా ఆ పద్యాల్లోనే ఉంది. గురుభక్తిని గట్టిగా బోధించిన గ్రంథమే దొంగగురువును ఇంత గట్టిగా పట్టి నిలదీసింది. ఈ రెండో సగాన్ని చెప్పకుండా మొదటి సగాన్ని మాత్రమే వినిపించేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

చివరి ఏళ్లలో ఆయన వ్యాపారం నుంచి తప్పుకుంటూ, గుజరాతులో చరోతర్ ప్రాంతపు పల్లెల్లో, ఈడర్ కొండల మీద ఎక్కువ కాలం గడిపారు. ఈడర్‌లో లల్లూజీతో సహా ఏడుగురు మునులకు ద్రవ్యసంగ్రహం అనే జైన గ్రంథాన్ని బోధించారు. జైన గ్రంథాల ప్రచురణ కోసం 1900లో పరమశ్రుత ప్రభావక మండలం పెట్టించారు. అప్పటికే దేహం క్షీణించింది. దీక్ష తీసుకోవాలన్న సంకల్పం తీరలేదు. 1901 ఏప్రిల్ 9న, చైత్ర బహుళ పంచమినాడు, రాజ్‌కోట్‌లో కన్నుమూశారు. ముప్పై మూడేళ్ల అయిదు నెలలు. లల్లూజీ తర్వాత అగాస్‌లో ఆశ్రమం నెలకొల్పారు. ఇవాళ గుజరాతు అంతటా, బయటా ఆయన పేరిట ఆశ్రమాలున్నాయి. మనకు దగ్గరలో ఉన్నది హంపిలో, రత్నకూటం మీద. రాయలసీమ నుంచి వెళ్లేవారు విరూపాక్షుడినీ విఠలుడినీ చూసి వచ్చేస్తారు కానీ, సహజానందఘన్ అనే జైన ముని నెలకొల్పిన ఆ ఆశ్రమం అక్కడే ఉంది.

తెలుగునేలతో ఆయనకు ఇంకో సంబంధం కూడా ఉంది. తన నోటు పుస్తకంలో ఒకచోట ఆయన కుందకుందుడు మొదలైన ప్రాచీన జైన ఆచార్యులకు నమస్కరిస్తూ, ఆత్మస్వరూపాన్ని వెతుక్కోవడంలో మీ మాటలు నాకు పరమోపకారం చేశాయన్న భావాన్ని రాసుకున్నారు. కుందకుందుడి పంచాస్తికాయాన్ని గుజరాతీలోకి తెచ్చారు కూడా. ఆ కుందకుందుడిది అనంతపురం జిల్లాలో గుంతకల్లుకు దగ్గరున్న కొనకొండ్ల అని సంప్రదాయం. ఆ ఊరి రసాసిద్ధుల గుట్ట మీద జైన విగ్రహాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆత్మసిద్ధిని తెలుగులో చదవాలనుకునేవారు మొదటి పద్యం నుంచి కాక, నలభై అయిదో పద్యం నుంచి మొదలుపెడితే మంచిదని నా సలహా. శిష్యుడు ఆత్మ లేదని వాదించడం అక్కడ మొదలవుతుంది. ఆ వాదంలో మన సందేహం మనకు కనిపిస్తే, గురువు జవాబు కోసం ముందుకు వెళ్లాలనిపిస్తుంది. ఆ తర్వాత వెనక్కి వచ్చి సద్గురువు గురించిన పద్యాలు చదివితే, వాటిని రాసిన మనిషి విధేయత అడిగేముందు ఎంత వాదానికి చోటిచ్చాడో తెలిసి చదువుతాం.